రెండో గంట మీద ముప్పై ఒక్క తప్పులు

ఇంగ్లీషువాళ్ల డెవన్ సీమలో ‘రింగ్ అప్’ అనే మాటకి చాకిరీ ఎక్కువ. చుట్టానికి ఫోను చేస్తే రింగ్ అప్. దుకాణంలో సరుకు ధర గల్లాపెట్టె మీద కొడితే అదీ రింగ్ అప్పే. చర్చి గోపురంలో గంటని లేపినా రింగ్ అప్పే. మొదటి రెండూ చేతకాని మనిషి మార్ల్‌కూమ్ ఊళ్లో లేడు. మూడోది చేతకాని గంటగాడు మాత్రం ఒకే ఒక్కడున్నాడు. ఆయనే అక్కడి గంటల కెప్టెన్, క్లిఫ్టన్ నార్త్‌కాట్.

గంట ఉత్తప్పుడు నోరు కిందికి పెట్టి వేలాడుతుంది. అలా వేలాడే దాన్ని కదిపితే ఏదో టింగుమంటుంది గానీ దాన్ని డెవన్ వాళ్లు మోగడం అనరు. తాడు చుట్టలు చేతిలో పట్టుకుని, చిన్న చిన్నగా ఊపుతూ, ఊపు పెరిగేకొద్దీ చుట్ట వదులుతూ, ఆ గంట తలకిందులై నోరు ఆకాశానికి తెరిచి నిలబడేదాకా తీసుకెళ్లాలి. అదీ లేపడమంటే. పని అయిపోయాక మళ్లీ అంత జాగ్రత్తగానూ దించాలి. లేచి ఉన్న గంట తాడుని తెలియక లాగినవాడు తాడుతోపాటు పైకి పోయి కప్పుకి తగులుతాడు.

మార్ల్‌కూమ్ గంటలు ఆరు. అన్నిటికన్నా తేలిక ట్రెబుల్, అన్నిటికన్నా బరువు టెనర్. టెనర్ ఏడు వందల కిలోలు పైమాటే. గంటలన్నిటినీ అక్కడ ‘ఆమె’ అంటారు. టెనర్ విషయంలో మాత్రం కెప్టెన్ ఇంకాస్త ముందుకెళ్లి, “ఆమె నా మాట తప్ప ఎవరి మాటా వినదు” అంటాడు. ఆయనకి అరవై ఎనిమిదేళ్లు, మూడు వందల గొర్రెలు. ఇరవై ఏడేళ్లుగా టెనర్ తాడు ఆయన చేతిలోదే. రెండేళ్ల కిందట ఓ పొట్టేలు ఆయన్ని కుమ్మి కంచె తలుపుకేసి కొట్టింది. అప్పట్నుంచి కుడిచెయ్యి భుజం దాటి లేవదు. చెయ్యి లేవనివాడు గంటని ఎక్కణ్ణుంచి లేపుతాడు?

లేపింది హెస్టర్ పెథీబ్రిడ్జ్. యాభై నాలుగేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు, ఊరి చివర జున్ను, అంటే చీజు, తయారుచేసే షెడ్డులో పని. ఒక్కో జున్నుచక్రం పాతిక కిలోలు తూగుతుంది. వాటిని రోజూ నూట యాభై దాకా అటునుంచి ఇటు తిప్పి పెడుతుంది. జట్టులో ఆమెది రెండో గంట. ముప్పై ఆరేళ్లుగా రెండో గంటే.

“రెండు వారాలు చాలు పిల్లా” అన్నాడు కెప్టెన్, పొట్టేలు కుమ్మిన కొత్తలో. యాభై దాటినా హెస్టర్ ఆయనకి పిల్లే. “గురువారం సాధనకి మిగతావాళ్లకన్నా అరగంట ముందు వచ్చి టెనర్ లేపి నిలబెట్టు. వాళ్లొచ్చాక నేను తాడందుకుంటాను. లేచి నిలబడిన గంటని మోగించడం నాకు ఒంటిచేత్తో పని. దించడమూ అంతే. లేపడం దగ్గరే ఈ పాడు భుజం...”

“అందరికీ చెప్పెయ్యొచ్చుగా కెప్టెన్?”

“చెప్తే జట్టు బెదిరిపోతుంది. నాకోసం కాదు పిల్లా, జట్టు కోసం.”

ఆ రెండు వారాలు రెండేళ్లయ్యాయి. ప్రతి గురువారం ఆరున్నరకి హెస్టర్ టెనర్ లేపేది. కెప్టెన్ బల్ల మీద కూర్చుని వాకిలికేసి కాపలా కాసేవాడు. ఊళ్లో ఆ మోత విన్నవాళ్లు గడియారాలు సరిచూసుకుని, “కెప్టెన్ వచ్చేశాడు” అనుకునేవారు. ఏడింటికి మిగతావాళ్లు రాగానే ఆయన లేచి, ఎడమచేత్తో నుదురు తుడుచుకుని, “ముందే వచ్చి లేపేశాను. ఈ పని ఆడవాళ్ల నడుములకి కాదు” అనేవాడు. చెమట హెస్టర్‌ది, తుడుచుకోవడం ఆయనది.

మరి ఆవిడ ఎందుకు ఒప్పుకుంది? మొదటి కారణం, ఆమెకి ఆ టెనర్ అంటే ప్రాణం. వారానికి పావుగంటైనా ఆ బరువు తన చేతికింద కదిలేది. రెండో కారణం, కెప్టెన్ ఇచ్చిన మాట. “వచ్చే పోటీలో టెనర్ నీదే. కాగితం మీద నీ పేరే రాస్తాను.” పోటీలో గట్టెక్కి ఫైనల్స్‌కి వెళ్లిన జట్ల పేర్లు గోపురం లోపలి గోడ మీద చెక్క పలకలకెక్కుతాయి. నల్ల చెక్క మీద బంగారు అక్షరాలు. టెనర్ అన్న మాటకెదురుగా ఆ పలకల్లో ఒక్క ఆడపేరు లేదు. హెస్టర్ గోపురంలోకి అడుగుపెట్టినప్పుడల్లా ఆ గోడకేసి చూసేది. తన పేరు అక్కడ కావాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ ఆమెకి కనిపించలేదు.

ఆ ఏడు జూన్‌లో పోటీ మార్ల్‌కూమ్‌లోనే. తొమ్మిది జట్లు. పోటీ అంటే గంటలన్నీ కిందికి వేలాడుతుండగా మొదలుపెట్టి, ఆరూ కలిసి లేపి, మోగించి, ఆరూ కలిసి దించాలి. ముందే లేపి నిలబెట్టిన టెనర్ అక్కడ పనికిరాదు. అందుకని పోటీకి వారం ముందు కెప్టెన్ జున్ను షెడ్డుకొచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. టోపీ తీశాడంటే ఏదో ముంచుకొచ్చిందని హెస్టర్‌కి అర్థమైంది.

“శనివారం టెనర్ నువ్వే మోగించు పిల్లా. రెండోది నేను చూసుకుంటాను. ఆ బుల్లిదాన్ని ఎడమచేత్తోనూ లేపొచ్చు, బొమ్మ.”

హెస్టర్ చేతిలోని జున్నుచక్రం కిందపెట్టింది. “కాగితం మీద?”

“కాగితం ఏప్రిల్లోనే పంపేశాను. ఎప్పట్లాగే రాశాను. టెనర్ నేను, రెండోది నువ్వు.”

“నాకు మాటిచ్చావు కెప్టెన్.”

“ఇచ్చాను. కాదన్నానా? మోగించేది నువ్వేగా! పేరుదేముంది? ఇప్పుడు మార్చాలంటే పోటీ సెక్రటరీకి చెప్పాలి. ఆయన ఎందుకంటాడు. నేనేదో చెప్పాలి. ఊరికే గొడవ. జడ్జీలకి మనుషులు కనపడరు. గదిలో కిటికీ తెరలేసుకుని కూర్చుంటారు. ఏ జట్టు మోగిస్తోందో కూడా వాళ్లకి తెలీదు, అంకె తప్ప. ఎవరికి నష్టం చెప్పు?”

‘ఊరికే గొడవ’ అన్న రెండు మాటలతో ఆ ఊళ్లో ఎంత అన్యాయాన్నయినా చాపకింద తోసెయ్యొచ్చు. శనివారం పొద్దున కెప్టెన్ జట్టందరికీ అదే పాట పాడాడు. నిన్న గోనె ఎత్తుతుంటే భుజం పట్టేసిందని, తాళ్లు మార్చుకుంటాం గానీ కాగితం మీద పేర్లు అలాగే ఉంటాయని అన్నాడు. ట్రెబుల్ మోగించే వెరిటీ టోజర్ పోస్టాఫీసు నడుపుతుంది. ఊరందరి ఉత్తరాల గుట్టూ తెలిసిన మనిషి, “అలాగే కానీండి, గొడవెందుకు” అంది. మూడు, నాలుగు గంటలు లస్కమ్ సోదరులవి. ఒక కంచె తగాదా మీద పన్నెండేళ్లుగా వాళ్లిద్దరూ మాట్లాడుకోరు గానీ గంటలు మాత్రం వరసగా, వెంట్రుకవాసి తేడా లేకుండా మోగిస్తారు. అన్న ఐవన్ కప్పుకేసి చూశాడు, తమ్ముడు డెస్మండ్ నేలకేసి చూశాడు. అయిదో గంట గోర్డన్ టాప్‌ది. ప్లిమత్ పట్నం నుంచి వచ్చి తొమ్మిదేళ్లే అయింది కాబట్టి తనకి నోరెత్తే హక్కు ఇంకా రాలేదని ఆయన నమ్మకం. అలా అయిదుగురూ కలిసి ఆరో మనిషి పేరు మింగేశారు. మర్యాదస్తులు కదా, చప్పుడు కాకుండా మింగారు.

హెస్టర్ కూడా తనకి తాను నచ్చజెప్పుకుంది. ఇరవై నిమిషాలపాటు ఊరంతా వినేలా టెనర్ తనది, అది చాలదా అనుకుంది. చాలదని తెలుస్తూనే ఉంది.

వాళ్లకి నాలుగో అంకె వచ్చింది. గోపురం తలుపు మూశారు. మార్ల్‌కూమ్‌లో గంటలు మోగించేది నేల మీద నిలబడే, పడమటి తలుపు పక్కన. అందరూ తాళ్లు పట్టుకున్నారు. ట్రెబుల్ కదిలింది, ఒకదాని వెనక ఒకటి ఆరూ అందుకున్నాయి. మొదట గంటలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు త్వరత్వరగా మోగాయి. ఊపు పెరిగేకొద్దీ వాటి మధ్య జాగా పెరిగింది. వరస చివర ప్రతిసారీ టెనర్ వచ్చి గట్టిగా అడుగు వేసినట్టు పడుతోంది. హెస్టర్‌కి చేతులు తనవి కానట్టున్నాయి. తాడు పైకి పోతుంటే ఒళ్లంతా సాగేది, దిగుతుంటే బరువంతా కాళ్లలోకొచ్చేది. అంత సుఖం ఆమె జున్నులో గానీ చర్చిలో గానీ ఎరగదు.

కెప్టెన్ తిప్పలు వేరు. ఇరవై ఏడేళ్లు ఏనుగు తోలినవాణ్ణి మేకపిల్ల వెనక పరిగెత్తమన్నట్టుంది ఆయన పని. టెనర్‌ని లాగి, దాని తీరిక కోసం ఎదురుచూడ్డం ఆయనకి అలవాటు. రెండోది తేలిక గంట, చటుక్కున తిరిగొస్తుంది. ఆయన లాగేసరికి అది ముందే మోగిపోయేది. ఆపబోతే ఆలస్యమయ్యేది. బొమ్మ అన్నాడు కదా, ఆ బొమ్మ ఆయన్ని ఇరవై నిమిషాలూ ఆడించింది. దించేటప్పటికి ఆయన మెడ బీట్‌రూట్ రంగుకొచ్చింది.

“బాగానే పోయిందిలే” అన్నాడు బయటికొచ్చి.

మిగతావాళ్లు టీ బల్లలకేసి నడిచారు.

టీ ఏర్పాట్లు గోపురం ముందు గడ్డిలోనే, పడమటి తలుపుకి ఇరవై అడుగుల దూరంలో. పొడుగు బల్లల మీద స్కోన్లనే చిన్న రొట్టెలు, మీగడ, జామ్. తొమ్మిది జట్లూ, వాళ్ల వాళ్లూ కలిసి ఎనభై మంది దాకా ఉన్నారు. అయిదింటికి జడ్జీలు ముగ్గురూ గదిలోంచి వచ్చారు. వాళ్లలో పెద్దాయన ఆబ్రీ హీల్ కాగితాలు తెరిచాడు. ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని గంటలు వినడమే ఆయన పని. ఒక్కో జట్టు అంకె చెప్పి, దాని మంచిచెడ్డలు చెప్పుకుంటూ పోయాడు.

“నాలుగో జట్టు. టెనర్ వరకూ మా పెన్సిళ్లకి పనే లేకపోయింది. ఒక్క తప్పు లేదు. ఇంత నిబ్బరంగా లేచిన టెనర్‌ని నేను ఈ జిల్లాలో వినలేదు. ఆ తాడు పట్టిన మనిషికి నా టోపీ తీస్తున్నాను.”

నిజంగానే తీశాడు. హెస్టర్ కప్పు కింద పెట్టి తలెత్తింది. ఎదురుగా కెప్టెన్ వినయంగా తలొంచుకుని స్కోను మీద మీగడ రాసుకుంటున్నాడు.

“ఇక రెండో గంట” అన్నాడు హీల్. “ఈ జట్టు తప్పులు మొత్తం ముప్పై ఎనిమిది. అందులో ముప్పై ఒకటి రెండోదానివే. పళ్లెం మెట్ల మీంచి దొర్లినట్టు మోగింది. పక్కన ఇంకో అయిదుగురు మోగిస్తున్నారన్న సంగతి ఆ మనిషికి ఎవరైనా చెప్పారో లేదో మాకు తెలీదు. అయినా టెనర్ పుణ్యమా అని ఈ జట్టుకి రెండో స్థానం. ఫైనల్స్‌కి వెళ్తుంది.”

సెక్రటరీ కవరు చింపి పేర్లు చదివాడు. నాలుగో జట్టు మార్ల్‌కూమ్. ట్రెబుల్, వి. టోజర్. రెండు, హెచ్. పెథీబ్రిడ్జ్. టెనర్, సి. నార్త్‌కాట్, కెప్టెన్. చప్పట్లు మోగాయి. పంతొమ్మిదేళ్ల తర్వాత మార్ల్‌కూమ్ ఫైనల్స్‌కి వెళ్లడం. కెప్టెన్ లేచి నిలబడి ఎడమచెయ్యి ఊపాడు.

హీల్ మర్యాదస్తుడు. రెండో గంట ఆడమనిషిదని తెలిసేసరికి నొచ్చుకున్నాడు. నొచ్చుకుని ఊరుకుంటే బాగుండేది.

“మిస్ పెథీబ్రిడ్జ్ ఎక్కడున్నారు? ఆహా. ఏమీ అనుకోకండమ్మా. అందరికీ అన్నీ రావు. గురువారాలు మీ కెప్టెన్ పక్కన నిలబడి ఆయన చేతులు ఎలా ఆడతాయో చూడండి. అదే పెద్ద చదువు. కెప్టెన్, ఫైనల్స్‌కి మాత్రం ఆ రెండో తాడు ఇంకెవరికైనా ఇవ్వండి.”

కెప్టెన్ నోట్లో స్కోను ఉంది. ఒక్క క్షణం నమిలాడు. ఆ క్షణంలో ఆయన ఏమైనా చెప్పొచ్చు. హెస్టర్ ఎదురుచూసింది.

“ఆలోచిస్తాం సార్” అన్నాడు. “మంచి పిల్ల. ఇంకా నేర్చుకుంటోంది.”

నాలుగైదు బల్లల మీద జాలి నవ్వులు వినిపించాయి. వెరిటీ ఆమె మోచెయ్యి పట్టుకుంది. “పోనీలే బంగారం. టీ తాగు. ఫైనల్స్‌కి వెళ్తున్నాం, అది చూడు.”

“వెళ్తోంది మీరు. నన్ను తీసెయ్యమన్నాడు, విన్లేదా?”

“ఆ రెండోది మోగించింది నువ్వు కాదుగా. మనకి తెలుసుగా.”

“ఆ ముక్కే లేచి చెప్పు.”

వెరిటీ కప్పులోకి చూసింది. టీలో ఏదో పడినట్టు చాలాసేపు చూసింది. హెస్టర్‌కి ఒళ్లు మండిపోయింది. కెప్టెన్ మీద కన్నా ఆ కప్పు మీద ఎక్కువ మండింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచి, గడ్డి మీదుగా నడిచి, గోపురం పడమటి తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచింది. లోపలికెళ్లి టెనర్ తాడు చుట్టలు చేతికెత్తుకుంది.

“పిల్లా!” కెప్టెన్ కేక పెట్టాడు. “అడక్కుండా తాడు ముట్టుకోకూడదు! ఎవరక్కడ, తలుపెయ్యండి!”

టెనర్ అప్పటికే మాట్లాడ్డం మొదలుపెట్టింది. వెనక ఇంకే గంటా లేదు. చిన్నగా, దగ్గరదగ్గరగా, తర్వాత కాస్త ఎడంగా, ఆ పైన ఇంకా ఎడంగా. బల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగింది. తెరిచిన తలుపులోంచి ఎనభై మందికీ ఆమె కనిపిస్తోంది. కార్డిగన్ తొడుక్కుని, టీ కోసం వేసుకున్న బూట్లతో, చేతులు నిండా చాచి, మళ్లీ మోకాళ్ల దాకా దించి. హీల్ మాత్రం ఆమెని చూడ్డం లేదు. కళ్లు మూసుకున్నాడు. ఆయన వేలు బల్ల మీద కొడుతోంది. కెప్టెన్ ఏదో చెప్పబోతే, కళ్లు తెరవకుండానే “ష్” అన్నాడు.

గంట పూర్తిగా లేచింది. హెస్టర్ ఇంకో పది మోతలు మోగించింది, తొందరేమీ లేకుండా. తర్వాత దాన్ని నిలబెట్టేసి తాడు వదిలింది. హీల్ లేచి తలుపు దాకా వచ్చాడు. అందరూ ఆయన వెనకే వచ్చారు.

“మధ్యాహ్నం విన్న టెనర్ ఇదే” అన్నాడు. “ఈ చెయ్యే.”

“అవునండీ.”

“మరి రెండోది?”

ఆమె బదులు చెప్పాల్సిన పని లేకపోయింది. జట్టులో నలుగురూ ఒక్కసారే కెప్టెన్‌కేసి తిరిగారు. ఆయన నీళ్లు నమిలాడు. “నిన్న గోనె ఎత్తుతుంటే భుజం పట్టేసి...”

“రెండేళ్లయింది” అన్నాడు డెస్మండ్ లస్కమ్.

“రెండేళ్ల నాలుగు నెలలు” అని సరిదిద్దాడు ఐవన్. పన్నెండేళ్లలో తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అదే.

హెస్టర్ వాళ్లకేసి అవాక్కయి చూసింది. “మీకు తెలుసా?”

“చెవులున్నాయి కదమ్మా” అన్నాడు గోర్డన్ టాప్, సిగ్గుపడుతూ. “మొదటి గురువారమే అనుకున్నాం. కెప్టెన్ లేపితే అలా ఉండదు. గొడవెందుకని...”

రెండేళ్ల నాలుగు నెలలు ఆ గుట్టుని తన గుండెల్లో దాచానని ఆమె అనుకుంది. దాచింది జట్టులో అందరూ, ఆమెకి కనపడకుండా. అందరూ విన్నారు, అందరికీ ఆ చెయ్యి తెలుసు, ఒక్కళ్లూ పేరు పలకలేదు. కెప్టెన్ ఒక్కడే మోసం చేశాడనుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది.

హీల్ గొంతు సవరించుకున్నాడు. “నిబంధన మీకందరికీ తెలుసు. కాగితం మీద తప్పు పేర్లుంటే జట్టు పోటీలోంచి పోయినట్టే. ఫైనల్స్ లేవు. నాకు మనసొప్పడం లేదు గానీ, తప్పదు.”

“చూశావా ఏం చేశావో!” అన్నాడు కెప్టెన్. ఎనభై మంది ముందు అబద్ధం పట్టుబడినందుకు కాదు ఆయన మొహం కందింది, ఆమె చేసిన పనికి. “పంతొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన అవకాశం! జట్టు నోట్లో మట్టి కొట్టావు!”

“ఇంత గొడవ అవసరమా హెస్టర్?” అంది వెరిటీ, కళ్లనీళ్లతో. “తర్వాత మెల్లిగా మనలో మనం మాట్లాడుకునేవాళ్లం కదా.”

గుంపులోంచి ఎవరో “పాపం, పెద్దాయన” అన్నారు. ఆ పాపం కెప్టెన్ గురించే.

హీల్ సెక్రటరీ దగ్గర జట్టు పేర్ల కాగితం తీసుకుని, తలుపు పక్కనున్న బల్ల మీద పరిచి పెన్సిల్ తీశాడు. గీత కొట్టబోతుంటే హెస్టర్ ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టింది. జున్ను పనికి గట్టిపడిన చెయ్యి. ఆయన పెన్సిల్ ఆగిపోయింది.

“ముందు పేర్లు సరిగ్గా రాయండి” అంది.

“కొట్టేసే కాగితమమ్మా ఇది. సరిచేసి ఏం లాభం?”

“రాయండి.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత వంగి, రెండో గంటకెదురుగా ఉన్న పేరు కొట్టేసి సి. నార్త్‌కాట్ అని రాశాడు. ముప్పై ఒక్క తప్పులూ ఇక ఆ పేరువే. కెప్టెన్ అటు తిరిగిపోయాడు. హీల్ కింది వరసకొచ్చి, టెనర్ అన్నచోట పాత పేరు తీసేసి, పొడి అక్షరాలతో సరిపెట్టకుండా, హెస్టర్ పెథీబ్రిడ్జ్ అని పూర్తిగా రాశాడు.

హెస్టర్ వంగి దాన్ని రెండుసార్లు చదువుకుంది. చెయ్యి తీసింది.

“ఇప్పుడు కొట్టెయ్యండి” అంది.